పటరచనా విద్య – ప్రయోగశాల ఆవశ్యకత

భూమిని కొలిచి పటముగా వ్రాయు విద్య మన జిల్లాకు క్రొత్తది కాదు. 1792లో బారామహల్ ప్రాంతము ఈస్టిండియా కంపెనీ వశమైన పిమ్మట, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు సహాయకుడుగా వచ్చిన థామస్ మన్రో 1799 వరకు ఇచ్చటనే పనిచేసెను. పొలములను కొలిపించి శిస్తు నిర్ణయించుట వారి ముఖ్యకార్యము. 1794లో మద్రాసున వెలసిన సర్వే పాఠశాలయే నేటి గిండీ ఇంజనీరింగు కళాశాలకు మూలము. 1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ కొండ చెంత ఉక్కు గొలుసుతో ఆధారరేఖను కొలిచి మహాత్రికోణ సర్వేకు నాంది పలికెను.

నేడు గొలుసు పనిని ఉపగ్రహమును, కంప్యూటరును చేయుచున్నవి. గిండీలో అన్నా విశ్వవిద్యాలయమునందును, హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునందును ఈ విద్యలో స్నాతకోత్తర బోధన కలదు. "కంప్యూటరు ముందు కూర్చుండుటకై బిడ్డను అంతదూరము పంపవలెనా?" యని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. అడుగదగిన ప్రశ్నయే. దీనికి చిన్న లెక్క సమాధానము చెప్పగలదు.

పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు గల ప్రదేశమును తీసికొందము. 2005లో ప్రయోగింపబడిన కార్టోశాట్-1 చిత్రములో ఒక్కొక్క చుక్క నేలపై 2.5 మీటర్లకు గుర్తు. కాబట్టి ఒక ప్రక్కకు 4,000 చుక్కలు, మొత్తము 1,60,00,000. చుక్క ఒక మీటరైనచో ఆ సంఖ్య పది కోట్లగును. గుట్టల ఎత్తు తెలియవలెనన్న, రెండు కోణములనుండి తీసిన చిత్రములను సరిపోల్చి, ఒకదానిలోని చుక్కకు రెండవదానిలోని జతను వెదకవలెను. ఇంతటి గణనకు శక్తిగల యంత్రము మేలు. ప్రయోగశాల అలంకారము కాదు, అవసరము.

అందుచేత కళాశాలలో చేర్పించుటకు ముందు తల్లిదండ్రులు కొన్ని సంగతులు విచారింపవలెను. కంప్యూటర్లు కలవని విన్నంతనే తృప్తి చెందరాదు. ప్రతి విద్యార్థికి ఒక యంత్రము లభించునా? తరగతులు ముగిసిన పిదప సాయంకాలమును, సెలవుదినములలోను ప్రయోగశాల తెరచియుండునా? సొంత యంత్రము కొనలేని విద్యార్థికి ఈ ప్రశ్నయే ముఖ్యము. ఆ వేళలే అతని చదువును నిలబెట్టును. టోటల్ స్టేషను, జి.పి.యస్. గ్రాహకము మొదలగు క్షేత్రపరికరములు విద్యార్థుల చేతికిచ్చెదరా, లేక అద్దాల బీరువాలో నుంచి చూపెదరా? పెద్ద పటములను ముద్రించు యంత్రము, గ్రంథాలయము, వసతిగృహము కలవా? తెరపై గీసిన గీత నేలపైనున్న గట్టుతో సరిపోయినదో లేదో పొలమునకు పోయి చూచినగాని తెలియదు. అట్లు చూపింపని శిక్షణ సగము శిక్షణయే.

ఖర్చు తగ్గించుకొను మార్గములును లేకపోలేదు. క్యూజిస్ అను ఉచిత సాఫ్ట్‌వేరును ఇంటియందే నేర్వవచ్చును. 2009లో ఇస్రో ప్రారంభించిన భువన్‌లో మన ప్రాంతపు ఉపగ్రహ చిత్రములను చూడవచ్చును.

ఇక మన పిల్లలకు ఒక సౌకర్యము సహజముగానే కలదు. పటముపై ఊరిపేరు తప్పుగా పడినచో ఆ తప్పు తరతరములు నిలుచును. తెలుగును, తమిళమును చదివి వ్రాయగల బిడ్డ ఊరి పెద్దల నోట పేరును విని సరిగా వ్రాయగలడు. ఈ విద్యకు పునాది గణితము, భూగోళము, త్రికోణమితి. బిడ్డలచేత ఇంటి పెరడును అడుగులతో కొలిపించి, ఉత్తరదిక్కు గుర్తించి, కొలమానముతో ఒక పటము గీయింపుడు. ఆసక్తి యున్నదో లేదో ఆ కాగితమే తెలుపగలదు.