చీటీలో తేడా వస్తే తప్పు గాలిదా?

పాలు పోసే వేళ తూకం యంత్రం మీద 6.4 కిలోలని అంకె కనిపిస్తుంది. మధ్యలో తీగ లేకపోయినా ఆ అంకె బల్ల మీది ఫోనులోకో, చీటీ యంత్రంలోకో చేరుతుంది. కొన్ని సంఘాలలో ఈ పని బ్లూటూత్ ద్వారా జరుగుతున్నది. మన డబ్బు ఆ అంకె మీదనే ఆధారపడి ఉన్నది గనుక, అది ప్రయాణించే తీరు సభ్యులందరం తెలుసుకుందాం.

బ్లూటూత్ వాడే రేడియో తరంగాలు 2402 నుండి 2480 మెగాహెర్ట్జ్ వరకు ఉంటాయి. లైసెన్సు లేకుండా అందరూ వాడుకొనే చోటు కావడంతో ఇక్కడ రద్దీ ఎక్కువ. చాలా వై-ఫై పెట్టెలు పనిచేసేది ఇక్కడే. మైక్రోవేవ్ పొయ్యి రొద కూడా ఇక్కడే. ఒకరి మాట మీద మరొకరి మాట పడితే కబురు చెడిపోతుంది.

దీనికి విరుగుడు దారులు మార్చడం. మొదటి నుండి ఉన్న బ్లూటూత్ పద్ధతిలో 79 దారులున్నాయి. యంత్రాలు సెకనుకు 1600 సార్లు దారి మారుస్తాయి. ఏ దారి తరువాత ఏ దారి అన్న వరుస రెండు యంత్రాలకూ తెలుసు గనుక ఒకదానినొకటి తప్పిపోవు. తక్కువ విద్యుత్తుతో నడిచే కొత్త రకంలో 40 దారులే ఉన్నా సూత్రం ఇదే.

పాలన్నీ ఒకే క్యానులో పోస్తే, అది విరిగిననాడు అంతా నష్టమే. పది క్యాన్లలో పోస్తే ఒక క్యాను పాలే పోతాయి. ఇక్కడా అంతే. ఒక దారిలో కబురు చెడితే, అందుకొనే యంత్రం సరిచూసి దానిని తోసిపుచ్చుతుంది. పంపిన యంత్రం అదే కబురును మరో దారిలో మళ్ళీ పంపుతుంది. 2003లో వచ్చిన సవరణతో, రద్దీగా ఉన్న దారులను గుర్తించి వదిలివేసే ఏర్పాటు కూడా చేరింది.

ఈ ఆలోచన పాతదే. శత్రువులు అడ్డుపడకుండా టార్పెడోలను రేడియోతో నడిపేందుకు సినీనటి హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ యాంథైల్ ఇటువంటి పద్ధతికే 1942లో అమెరికాలో పేటెంటు పొందారు.

అయితే దారులు మార్చినంత మాత్రాన దూరం తగ్గదు, ఇనుప గోడ కరగదు. అందుచేత ఈ జాగ్రత్తలు పాటిద్దాం:

1. తూకానికీ ఫోనుకూ మధ్య క్యాన్లు పేర్చవద్దు, గుమిగూడవద్దు.

2. వై-ఫై పెట్టెను తూకం పక్కన పెట్టవద్దు.

3. చీటీ వచ్చేవరకు పాలు క్యానులో వంచవద్దు.

చివరగా ముఖ్యమైన మాట. రద్దీ వల్ల అంకె ఆలస్యం కావచ్చు, అసలే రాకపోవచ్చు. కాని గాలిలో 6.4 కాస్తా 5.4గా మారడం బహు అరుదు. చీటీలో తేడా కనిపిస్తే "సిగ్నలు లేదు" అన్న మాటతో సరిపెట్టుకోరాదు. పాత అంకె మిగిలిపోయిందేమో, చేతితో కొట్టినదేమో, తూకమే తప్పిందేమో కార్యదర్శితో కలిసి అక్కడికక్కడే చూసుకుందాం. అది ఆయనకూ మంచిది, మనకూ మంచిది.