ఆగి ఆగి నడచు పాత కారు: లోపమును కనుగొను విధము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు పాత యిండ్ల వసారాలలో నేటికిని అంబాసిడరు కార్లు అచ్చటచ్చట కానవచ్చుచున్నవి. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మాదిరిగా గొని, హిందుస్థాన్ మోటార్సువారు కోల్‌కతా సమీపమందలి ఉత్తరపారాలో దీనిని నిర్మించిరి. 2014వ సంవత్సరము మే నెలలో ఆ నిర్మాణము నిలిచిపోయెను. కావున ఇట్టి బండి గలవారు దాని స్వభావమును తామే కొంత యెరిగియుండుట మేలు. విద్యార్థులకైతే ఇది పదార్థ విజ్ఞానమున చక్కని పాఠము.

గడచిన వేసవిలో మా మామగారికి ఆయాసము హెచ్చగా, రేపల్లెనుండి తెనాలి వైద్యశాలకు మా పాత అంబాసిడరులో బయలుదేరితిమి. భట్టిప్రోలు దాటిన పిమ్మట బండి రెండు మూడుమారులు దగ్గినట్లుగా అదరి, మెల్లగా శక్తి తగ్గి, కాలువగట్టుపై నిలిచిపోయెను. ఎండ మండుచుండెను. ముసలివారు ఊపిరికై తడబడుచుండిరి. దైవవశమున ఆటో యొకటి వచ్చి వారిని సకాలమున చేర్చినది. పది నిమిషములైన పిదప బండి యేమియు ఎరుగనట్లు మరల కదలినది. మేస్త్రీ ఒక్కనాడే ప్లగ్గులు, కాయిలు మార్చి, కార్బ్యురేటరు కడిగి యిచ్చెను. వారము తిరుగకముందే బండి మరల అట్లే నిలిచినది. అప్పుడు నేను ఊహలు మాని, పరీక్షలకు దిగితిని.

పొయ్యి మండుటకు కట్టె, గాలి, నిప్పు ఎట్లు కావలెనో, ఇంజనునకును పెట్రోలు, గాలి, విద్యుత్ స్ఫులింగము అట్లే కావలెను. తూకమున ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఈ మూడింటిలో నేది లోపించినను బండి నిలుచును. ఏది లోపించెనో నిలిచిన తీరే కొంత తెలుపును. దీపమార్పినట్లు తటాలున ఆగినచో తరచుగా విద్యుత్తు లోపము. దగ్గి, అదరి, మెల్లగా ప్రాణము విడిచినట్లు ఆగినచో తరచుగా పెట్రోలు లోపము.

మొదట విద్యుత్తు సంగతి. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మాడినను, వాని యెడము తప్పినను స్ఫులింగము బలహీనమగును. 1489 ఘనపు సెంటీమీటర్ల పాత ఇంజనునకు పాయింట్ల యెడము సుమారు 0.015 అంగుళము, ప్లగ్గు యెడము సుమారు 0.025 అంగుళము ఉండవలెను. పాయింట్లు మాటిమాటికి మాడుచున్నచో కండెన్సరును శంకింపవలెను. కాయిలు వేడెక్కి చెడినచో బండి ఆగి, చల్లారిన పిదప మరల నడచును. బాపట్లవైపు సముద్రపు ఉప్పుగాలికి తీగల కొనలు తుప్పుపట్టును. శీతకాలపు ఉదయములందు మంచు తేమ డిస్ట్రిబ్యూటరు మూతలో చేరును. మూతను పొడిగుడ్డతో తుడిచినంతనే లేచిన బండ్లు పెక్కు గలవు.

పిదప పెట్రోలు సంగతి. పెక్కు పాత అంబాసిడరులందు ఎస్.యు. కార్బ్యురేటరు ఉండును. దానిలో ఒక ముషలకము గాలి లాగుడునుబట్టి లేచుచు దిగుచుండును. దాని పైనున్న గొట్టములోని నూనె, ఆక్సిలరేటరు తటాలున త్రొక్కినప్పుడు ముషలకమును వెంటనే లేవనీయక, క్షణకాలము పెట్రోలు పాలు హెచ్చునట్లు చేయును. నూనె తరిగినచో త్రొక్కగనే బండి తడబడును; మనవారు పికప్పు లేదని చెప్పునది ఇదియే. ఇంజను ఆపి ముషలకమును వ్రేలితో ఎత్తి విడిచినప్పుడు అది 'టక్కు'మని దిగవలెను. తట్టుకొని నిలిచినచో శుభ్రపరుపవలెను.

ఎండవేడికి గొట్టములలోని పెట్రోలు ఆవిరియై దారి నడ్డగించుటయు కలదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్ల ఇథనాలు కలుపుట వ్యాపించెను. ఇథనాలునకు తక్కువ గాలి చాలును గనుక, పూర్వము సరిచేసిన కార్బ్యురేటరులో మిశ్రమము పలుచబడును. అది తేమను పీల్చుకొనును. పాత రబ్బరు గొట్టములను మెత్తపరచును. కావున ఆ గొట్టములను ముందుగా మార్చుట క్షేమము.

కాయిలు వేడి, పెట్రోలు ఆవిరి, తొట్టి మూత అను మూడు లోపములందును బండి ఆగి, కొంతసేపటికి మరల నడచును. కావున బండి చల్లారకముందే, ఆగిన క్షణముననే పరీక్షింపవలెను. ప్లగ్గు నూడదీసి దాని లోహభాగమును ఇంజనునకు ఆనించి, తీగను ఎండిన కర్రతో పట్టి, త్రిప్పించి స్ఫులింగము చూడవలెను. ఆ చోట పెట్రోలు చుక్కయైనను ఉండరాదు. స్ఫులింగము నీలముగా, బలముగా నున్నచో పెట్రోలు దారి వెదుకవలెను. వేడి ఇంజనుపై పెట్రోలు గొట్టము విప్పుట అగ్నితో చెలగాటము. పిల్లలు దానికి చేయి చాపరాదు.

మూడవమారు బండి ఆగినప్పుడు నేనట్లే చూచితిని. స్ఫులింగము చక్కగా నుండెను. పెట్రోలు తొట్టి మూత త్రిప్పితిని. 'బుస్సు'మని గాలి లోనికి దూరినది. బండి అప్పుడే లేచినది. పెట్రోలు తరుగుచుండగా దాని చోట గాలి ప్రవేశింపవలెను. ప్రవేశింపనిచో తొట్టిలో శూన్యమేర్పడి, పంపు లాగలేదు. కొంతసేపు నిలిపినచో గాలి సందులగుండా మెల్లగా దూరును గనుక బండి మరల నడచుచుండెను.

ఇంటికి వచ్చి ఖర్చుల పుస్తకము తిరుగవేసితిని. బండి మొదట ఆగుటకు తొమ్మిది దినములు ముందు క్రొత్త మూత కొన్నట్లు నా చేతివ్రాతయే చెప్పుచున్నది. ఆ మూతకు గాలిరంధ్రము లేదు. తగిన మూత తెచ్చి బిగించిన పిదప, మా మామగారిని నెలకొకమారు తెనాలికి తీసికొనిపోవుచున్నాను. బండి నేటివరకు ఆగలేదు.

విద్యార్థులారా! ఈ పాఠమున మూడు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. లోపము కనబడిన క్షణముననే పరీక్షింపుడు. ఒకమారు ఒక్కదానినే మార్చి ఫలితమును చూడుడు. నాలుగింటిని మార్చినచో మేలు దేనివలన కలిగెనో, కీడు దేనివలన మిగిలెనో తెలియదు. అన్నిటికంటె ముందు, కడపట మార్చినదేదియో అడుగుడు. గణితమున తప్పుపోయిన లెక్కకును ఈ మూడే మార్గములు.