దారంలో దాగిన శాస్త్రం



జీవశాస్త్రంలో మనలో చాలామందిని భయపెట్టేవి పాఠాలు కావు, అందులోని పేర్లు. ఒకసారి యూనిట్ టెస్టులో "ఫిలిఫార్మ్ అనగానేమి?" అని అడిగితే, "జంతువులలో ఒక వర్గం" అని రాసి మార్కు పోగొట్టుకున్నాను. వర్గాన్ని 'ఫైలమ్' అంటారని బట్టీపట్టడమే కొంప ముంచింది. నిజానికి ఈ రెండు మాటలకు చుట్టరికమే లేదు. 'ఫైలమ్' మూలం గ్రీకు. తెగ, జాతి అని అర్థం. 'ఫిలిఫార్మ్' లాటిన్ నుండి వచ్చింది. ఆ భాషలో 'ఫీలుమ్' అంటే దారం, 'ఫార్మా' అంటే ఆకారం. అంటే దారంలా సన్నగా, పొడవుగా ఉన్నది. తెలుగులో తంతురూపం అనవచ్చు.

ఉదాహరణలు మన చుట్టూనే ఉన్నాయి. బొద్దింక స్పర్శశృంగాలు ఫిలిఫార్మ్ రకానివి. అద్దంలో నాలుక చూసుకోండి. దానిని గరుకుగా ఉంచేవి ఫిలిఫార్మ్ పాపిల్లేలు. వీటిలో రుచి మొగ్గలు ఉండవు. పువ్వులో పరాగకోశాన్ని మోసే కేసరదండాన్ని ఇంగ్లీషులో ఫిలమెంట్ అంటారు. పాతరకం బల్బులో వెలిగే సన్నని తీగ పేరూ అదే. రెండింటికీ మూలం దారమే.

బోదకాలు తెచ్చే 'ఫైలేరియా' క్రిమి పేరు కూడా ఇందులో నుండే పుట్టింది. ఆడ క్రిమి 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది కాని, మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇది శోషరస నాళాలలో చేరి వాటిని పాడుచేస్తుంది. అందువల్ల కాలు వాస్తుంది. దీనిని మోసుకొచ్చేది దోమ. కనుక హాస్టల్ చుట్టూ మురుగునీరు నిలవనీయకండి. ఆరోగ్య కార్యకర్తలు ఫైలేరియా మాత్రలు ఇచ్చినప్పుడు కిటికీలోంచి పారేయక, వారు చెప్పినట్లు మింగండి.

గ్రీకు భాషలోనూ దారానికి మాటలున్నాయి. 'నీమా' నుండి నెమటోడా వచ్చింది. 'మైటోస్' నుండి మైటాసిస్ వచ్చింది. విభజన చెందే కణ కేంద్రకంలో దారాల వంటి నిర్మాణాలను చూసిన వాల్తేర్ ఫ్లెమింగ్ 1882లో సమవిభజనకు ఆ పేరు పెట్టాడు. 1898లో కార్ల్ బెండా అదే మాటకు రేణువు అనే అర్థం గల 'కాండ్రోస్' చేర్చి మైటోకాండ్రియా అన్నాడు.

చూశారా! ఇన్ని పెద్ద పేర్ల వెనుక ఉన్నది మన అమ్మ చిరిగిన చొక్కా కుట్టే దారమే. తెలుగు మీడియం వాళ్ళం, ఈ మాటలు మనకు రావని అధైర్యపడకండి. లాటిన్, గ్రీకు ఇంగ్లీషు మీడియం వారికీ కొత్తే. పేరును రెండు ముక్కలుగా విడదీసి అర్థం అడగండి. బట్టీపట్టింది పరీక్షహాలులో మోసం చేయవచ్చు, అర్థమైంది మాత్రం మనతోనే ఉంటుంది.