వంతెన మీద బస్సు, వంతెన కింద పడవ

గోడపత్రికకి ఈసారి పాఠం లాంటిది ఏదైనా రాయమన్నారు మేడమ్. ఛందస్సు, సంధులు రాసేవాళ్ళు మన క్లాసులో చాలామందే ఉన్నారు. అందుకని వేసవి సెలవుల్లో నేను కుస్తీ పట్టిన ఒక లెక్క గురించి రాస్తున్నా. కంప్యూటర్ ఆటలో వంతెన కట్టడం ఎలా అన్నదే ఆ లెక్క.

మాది యానాం. గౌతమికి ఇటు మేము, అటు ఎదుర్లంక, మధ్యలో పెద్ద వంతెన. అది రాకముందు జనం పంటు ఎక్కి దాటేవారు. మా నాన్న కుర్రతనంలో ఆ పంటు మీదే పనిచేశారు. వంతెన వచ్చాక ఆ పని పోయింది. నేను తయారుచేస్తున్న ఆటలో మా ఊరి మ్యాపు చూపించగానే ఆయన బస్సు గురించి అడగలేదు. "పడవ వంతెన దగ్గర ఆగిపోయిందేంటే? కింద నుంచి పోవాలి కదా?" అన్నారు.

నిజమే, పోవాలి. నా మ్యాపే పోనివ్వలేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు గడుల సంగతి చెప్పాలి. ఇలాంటి ఆటల్లో మ్యాపు వైకుంఠపాళి పటంలాగే గడులు గడులుగా ఉంటుంది. ఒక్కో గడికి ఒక బొమ్మ ఉంటుంది: నీరో, ఇసకో, రోడ్డో. దాంతోపాటు అడుగు పెట్టొచ్చా, పెట్టకూడదా అన్న గుర్తు ఒకటి. అంతే. వంతెన గడికి "పెట్టొచ్చు" అని రాస్తే బస్సుతో పాటు పడవ కూడా రోడ్డెక్కేస్తుంది. "పడవ రాకూడదు" అంటే నదికి అడ్డంగా గోడ కట్టినట్టే. చూసే మనకి అక్కడ రెండు అంతస్తులున్నాయి. కంప్యూటర్‌కి మాత్రం ఉన్నది ఒకటే గడి.

మన గోడపత్రికలో కింద మూల గళ్ళనుడికట్టు వేస్తారు కదా, అది చూడండి. అడ్డం మాట, నిలువు మాట కలిసే గడిలో అక్షరం ఒక్కటే. ఏ మాటలోదని గడిని అడిగితే చెప్పదు. అడ్డంగా చదువుతూ వచ్చినవాళ్ళకి ఒక మాటలోది, నిలువుగా వచ్చినవాళ్ళకి ఇంకో మాటలోది. వంతెనా అంతే. పైనా, కిందా అన్నది గడిలో లేదు, వస్తున్నవాళ్ళ దగ్గర ఉంది. ఇదేదో నా బుర్రకి తట్టిందని అనుకోకండి. 2002లో వచ్చిన పోకెమాన్ రూబీ ఆట లోపల ఎలా అమర్చారో చదివితే తెలిసింది.

ఆ ఆటలో మ్యాపులోని ఒక్కో గడికి 16 బిట్ల చోటు. అందులో 10 బొమ్మ నంబరుకి, 2 అడ్డు ఉందా లేదా అన్నదానికి, మిగతా 4 ఎత్తుకి. 4 బిట్లంటే 0 నుంచి 15 దాకా అంకెలు. మామూలు నేలకి 3, నీటికి 1. ఆటలో తిరిగేవాళ్ళు కూడా తమ ఎత్తు తమ దగ్గర పెట్టుకుంటారు. తమ ఎత్తూ ముందున్న గడి ఎత్తూ ఒకటైతేనే అడుగు పడుతుంది. రెండు అంకెలకి మాత్రం మినహాయింపు. 0 రాసిన గడి మెట్ల లాంటిది. ఎవరినైనా రానిస్తుంది, వచ్చినవాళ్ళ ఎత్తుని 0 చేసేస్తుంది. 0 ఉన్నవాళ్ళు ఆ తర్వాత ఏ ఎత్తుకైనా వెళ్ళొచ్చు. 15 రాసిన గడి వంతెన. అదీ అందరినీ రానిస్తుంది గానీ ఎవరి ఎత్తునీ ముట్టుకోదు. 1తో వచ్చిన పడవ 1తోనే అవతలికి పోతుంది, 4తో వచ్చిన బస్సు 4తోనే పోతుంది. బస్సు పక్కకి తిరిగి నీళ్ళలోకి దిగుదామన్నా దానిది 4, నీటిది 1. పిట్టగోడ లేకపోయినా పడదు.

ఇంత చదివి మురిసిపోయి నా మ్యాపులో ఒడ్డుకి 3, వంతెన ఎక్కే వాలుకి 0, వంతెన మొత్తానికి 15 రాసేశా. మొదటి అమలాపురం బస్సు వంతెన మధ్య దాకా వెళ్ళి, పక్కకి తిరిగి తిన్నగా గోదాట్లోకి దిగిపోయింది.

ఎందుకో తెలియడానికి రెండు రోజులు పట్టింది. వాలు మీద బస్సు ఎత్తు 0 అయింది. ఆ పక్క గడే 15. అది ఎవరి ఎత్తునీ మార్చదు కదా, 0ని కూడా మార్చలేదు! అంటే బస్సు వంతెన పొడుగునా సున్నాతోనే నడుస్తోంది, సున్నాకి ఏ గడీ అడ్డు చెప్పదు. వాలుకీ వంతెనకీ మధ్య 4 రాసిన గడి ఒక్కటి పెడితే సరిపోయింది. అది ఒడ్డు మీదే ఉంటుంది, దాని కింద నుంచి ఎవరూ పోరు. బస్సు అక్కడ 4 తీసుకుని వంతెన మీదికి వస్తుంది. అవతలి ఒడ్డున కూడా అలాగే పెట్టాలి, లేకపోతే ఎదుర్లంక వైపు నుంచి వచ్చే బస్సులన్నీ మునుగుతాయి.

బొమ్మలు వేసే వరస తేలికే. గోడపత్రికకి కాగితాలు అంటించినట్టే, తర్వాత అంటించింది పైన కనిపిస్తుంది. ముందు నీరు, దాని మీద ఎత్తు తక్కువవాళ్ళు, ఆ తర్వాత వంతెన, అన్నిటికన్నా చివర 4 ఎత్తువాళ్ళు. ఒక్కటే చిక్కు. వంతెన దిగే బస్సు వాలు మీదికి రాగానే ఎత్తు 0 అవుతుంది, దాని వెనక భాగం చటుక్కున వంతెన కిందికి పోయి మాయమవుతుంది. అందుకని 0కి ముందున్న అసలు ఎత్తుని విడిగా గుర్తుపెట్టుకుని, బొమ్మ వేసేటప్పుడు దాన్నే వాడాలి.

అంతా అయిందనుకుని మళ్ళీ నాన్నకి చూపించా. ఈసారి పడవ కిందికి వెళ్ళింది, పైన బస్సు ఆగిపోయింది. పడవ దాటాక కదిలింది. "అదెవరికోసం ఆగిందే? వంతెన మధ్యలో స్టాపు లేదుగా" అన్నారు. ఒక గడిలో ఒకరుంటే ఇంకొకరు రాకూడదని ఎప్పుడో మొదట్లో రాశా, మర్చిపోయా. ఇద్దరి ఎత్తూ ఒకటైతేనే అడ్డు అని మార్చాక బస్సు దారిన బస్సు, పడవ దారిన పడవ వెళ్ళాయి. నాన్న ఆ పడవని మూడుసార్లు అటూ ఇటూ నడిపించుకున్నారు. తర్వాత, "పంటు పెట్టవా?" అన్నారు.

ఇప్పుడు ఆ పని మీదే ఉన్నా. పంటు నీటి మీద 1తో పోతుంది, ఒడ్డున మనిషిది 3. ఎక్కాక అతనికి 1 ఇస్తే పంటు అంచు దాటి నీళ్ళ మీద నడిచిపోతున్నాడు. 3 ఉంచితే పంటు ముందుకి పోతోంది, అతను మాత్రం నది మధ్యలో నిలబడిపోతున్నాడు. మోటారు సైకిళ్ళని పంటు మీదికి ఎలా ఎక్కించేవారని నాన్నని అడిగా. ఒడ్డు నుంచి పంటుకి బల్ల వేసేవారట. అయితే ఆ బల్లకి 0 రాయాలి.