పొడి చర్మానికి మైనపు లేపనం: నేను చేసి చూసిన పద్ధతి

హేమంత ఋతువు ప్రవేశించినది మొదలు మాఘమాసం ముగిసే వరకు నా కాళ్ళ మీది చర్మం చేప పొలుసుల వలె పొట్టు రాలుతుంది. పగలు పెద్దగా తెలియదు. రాత్రి దుప్పటి కప్పుకొన్న తరువాత దురద మొదలై, నిద్రలోనే గోళ్ళతో గీరుకొనగా తెల్లవారేసరికి నెత్తుటి గీతలు కనిపించేవి. మా గడ్డిఅన్నారంలో మేము వాడుకొనే బోరునీరు బకెట్టు అంచున తెల్లని పొర కడుతుంది. అటువంటి నీటిలో సబ్బు సరిగా నురగ ఇవ్వదు. నురగ కోసం మరింత రుద్దుతాము. రుద్దిన సబ్బు పూర్తిగా వదలక చర్మం మీదనే మిగులుతుంది. చలికి తోడు ఇదొకటి.

రూక్షత్వము, శీతలత్వము వాతం యొక్క గుణాలని ఆయుర్వేదం చెబుతుంది. స్పర్శేంద్రియంలో వాయువు అధికమనీ, ఆ స్పర్శకు చర్మమే ఆశ్రయమనీ, అందువలన అభ్యంగనం చర్మానికి మిక్కిలి హితమనీ చరక సంహిత సూత్రస్థానంలో ఉన్నది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో నిత్యాభ్యంగనం విధిస్తూ, శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయవలెనన్నాడు. మనం మాత్రం పండుగనాడు ఒళ్ళంతా నూనె పట్టించి, వెంటనే సున్నిపిండితో ఆ నూనెనంతా తోమి తీసివేస్తాము. పొడి చర్మం గలవారు ఆ తోమకంలో కొంత దయ చూపడం మంచిది.

నేను ఎంచుకొన్నది సిక్థ తైలం. సిక్థమనగా తేనెతుట్టె మైనం. పూర్వం మలాములకు ఇదే ఆధారం. బామ్ అనగానే మన ఇళ్ళలో తలనొప్పి మందే గుర్తుకు వస్తుంది గనుక ఒక హెచ్చరిక: కర్పూరం, మెంథాల్ కలిసిన ఆ బామును చిట్లిన చర్మం మీద రాయరాదు. మంట పుడుతుంది, చర్మం మరింత రేగుతుంది.

కావలసినవి రెండే: మంచి నువ్వులనూనె 120 గ్రాములు, మైనం 20 గ్రాములు. మైనం కొనేటప్పుడే జాగ్రత్త వహించవలెను. కొవ్వొత్తుల మైనాన్ని అంటగట్టేవారున్నారు. అసలు మైనం పసుపుపచ్చగా ఉండి తేనె వాసన వేస్తుంది, చేతి వేడికి మెత్తబడి ముద్ద అవుతుంది. కొవ్వొత్తి మైనం తెల్లగా, వాసన లేక, పెళుసుగా ఉంటుంది.

మైనాన్ని సన్నగా తరిగి నూనెలో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ళ గిన్నెలో నిలిపి కరిగించవలెను. మైనం 62 నుండి 64 డిగ్రీల వేడికే కరుగుతుంది గనుక నేరుగా మంట మీద పెట్టనక్కర లేదు. కరిగిన వెంటనే పొడిగుడ్డతో వడగట్టి, చల్లారే వరకు కలుపుతూ ఉండవలెను. నీటిచుక్క పడనీయరాదు. మొదటిసారి నేను తొందరపడి మూడు పాళ్ళ నూనెకు ఒక పాలు మైనం వేశాను. అది గట్టి ముద్దయి, రాస్తుంటే చర్మాన్ని లాగింది. పారవేయలేదు, మరల కరిగించి నూనె చేర్చాను. చల్లని స్టీలు పళ్ళెం మీద ఒక చుక్క వేసి వేలితో నొక్కి చూస్తే గట్టిదనం ముందే తెలిసిపోతుంది. ఆ ఉపాయం అప్పటికి తోచలేదు.

ఇక పరీక్ష. పది రోజులు ఎడమ కాలికి రాత్రి పడుకొనే ముందు కొబ్బరినూనె, కుడి కాలికి స్నానం కాగానే లేపనం రాశాను. కుడి కాలు బాగా నునుపెక్కినది. సంతోషించి నలుగురికీ చెప్పబోయి ఆగాను. నేను మార్చినది ఒకటి కాదు, రెండు: మందూ మారింది, వేళా మారింది. గుణం దేనిది?

రెండవ విడతలో రెండు కాళ్ళకూ లేపనమే రాశాను. ఎడమ కాలికి రాత్రి పొడి చర్మం మీద, కుడి కాలికి స్నానం తరువాత తుండుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల లోపుగా. మరల కుడి కాలే మెరుగు. మూడవ విడతలో రెండు కాళ్ళకూ స్నానం కాగానే రాశాను, ఒకదానికి కొబ్బరినూనె, రెండవదానికి లేపనం. మోకాలి కింద భేదం స్వల్పం. మడమల దగ్గర మాత్రం లేపనానిదే పైచేయి. నూనె నేలకూ చెప్పుకూ అంటిపోగా, మైనం నిలిచి ఉంటుంది.

కారణం ఆలోచిస్తే సులభమే. నూనె గాని మైనం గాని చర్మానికి నీటిని ఇవ్వలేవు. ఉన్న నీటిని ఆవిరి కాకుండా ఆపగలవు. స్నానంతో చర్మపు పైపొర నీటిని పీల్చుకొని ఉంటుంది, అప్పుడు మూత వేయవలెను. ఎండిన తరువాత మూత వేస్తే లోపల దాచుటకు మిగిలినది తక్కువ. ఖరీదైన సీసా కొనుటకు ముందు ఈ వేళ మార్చి చూడండి. గోరువెచ్చని నీరు వాడి, సబ్బును చంకలకు, గజ్జలకు, పాదాలకు పరిమితం చేస్తే మరింత మేలు.

మన పేటలో పండ్ల మార్కెట్టు ఉన్న రోజులలో (అది బాటసింగారానికి తరలిపోయింది) ఒట్టికాళ్ళతో బుట్టలు మోసే హమాలీల మడమలు చూసినవారికి పగుళ్ళు కొత్త కాదు. వాతకఫాల వల్ల కలిగే లోతైన పగుళ్ళను విపాదిక అంటారు. చరకుడు కుష్ఠ చికిత్సలో దానికి చెప్పిన జీవంత్యాది యమకంలో కూడా మైనం ఉన్నది. అది వైద్యుని చేతి మందు, ఇంట్లో చేసుకొనేది కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పక తప్పదు. మధుమేహం ఉన్న మా అమ్మగారి మడమలో పగులు కనిపించగా, నా లేపనం మీది నమ్మకంతో నాలుగు రోజులు అదే రాశాను. "నొప్పి లేదమ్మా, తగ్గుతోంది" అన్నారు. అయిదవ నాడు మేజోడు మీద చీము మరక చూసి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. నొప్పి తెలియకపోవడమే ప్రమాదం, నరాలకు స్పర్శ తగ్గిందని ఆయన చెప్పారు. గాయం మానడానికి ఆరు వారాలు పట్టింది. మధుమేహం గలవారికి చెక్కు చెదరని పొడి చర్మం మీద మాత్రమే రాయవలెను. కాలివేళ్ళ సందులలో తేమ నిలిచి చర్మం నానుతుంది గనుక అక్కడ అసలే రాయరాదు. నెత్తురు, రసి, వాపు, వేడి, వీటిలో ఏది కనిపించినా లేపనం పక్కన పెట్టి వైద్యుని చూడవలెను.

ఇతరులు కూడా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడవలెను, నువ్వులు పడనివారున్నారు. పాదాలకు రాసిన తరువాత నూలు మేజోళ్ళు తొడగండి, లేకున్న నున్నని బండల మీద పెద్దలు జారి పడగలరు. సీసాలో పొడి చెంచా తప్ప వేలు పెట్టకండి. నూనె చిక్కు వాసన వేస్తే పారవేయండి.

ఇప్పుడు అమ్మగారికి రోజూ లేపనం రాసేది స్నానం తరువాత. రాత్రి మాత్రం దీపం దగ్గర కూర్చోబెట్టి రెండు అరికాళ్ళూ తిప్పి చూస్తాను. తన కన్ను అంత దూరం ఆనదు.