వినడమూ ఒక చికిత్సే

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నల ద్వారా పరీక్షించాలని వాగ్భటాచార్యులు ‘అష్టాంగహృదయం’లో చెప్పారు. ప్రశ్న అంటే అడగడమే కాదు, జవాబును చివరివరకు వినడం కూడా. ఈ నియమం సంసారానికీ వర్తిస్తుంది.

గోదావరిఖని వంటి సింగరేణి పట్టణాలలో గనిపని మూడు షిఫ్టులుగా సాగుతుంది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన భర్తకు నిద్ర కావాలి; అప్పుడే లేచిన ఇల్లాలికి మాట్లాడే తోడు కావాలి. ‘మా ఆయన నా మాట వినిపించుకోరు’ అన్న బాధ ఇక్కడే మొదలవుతుంది.

నిందించే ముందు చెవిని గమనించండి. 85 డెసిబెల్స్‌కు మించిన యంత్రాల హోరులో రోజూ 8 గంటలు ఏళ్ల తరబడి పనిచేసేవారికి వినికిడి క్రమంగా తగ్గవచ్చు. టీవీ శబ్దం పెంచడం, మాటిమాటికీ ‘ఏమిటి?’ అని అడగడం దీని లక్షణాలు. ఇలా తగ్గిన వినికిడి నూనె చుక్కలతో తిరిగి రాదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే నూనె హాని చేస్తుంది కూడా. కనుక చెవి వైద్యుని సంప్రదించాలి.

చెవిలో లోపం లేకుంటే సాధన మనసుకు అవసరం. నిద్ర, స్నానం, భోజనం ముగిశాక పావుగంట కేటాయించుకోండి. టీవీ, ఫోన్ ఆపి ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు చెబుతుండగా రెండవవారు సలహా ఇవ్వరాదు. విన్నదానిని చివరలో తమ మాటలలో చెప్పి, ‘ఇంతేనా?’ అని అడగాలి. ‘కాదు’ అంటే కోపగించక మళ్లీ వినాలి.