బంగారమును, కాలమును వెదకిన సైనికుడు



చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి బజారులలో బంగారపు అంగళ్లను, గడియారములు బాగుచేయువారిని మనము ఎరుగుదుము. బంగారము, గడియారపు లెక్క, సైనికోద్యోగము, ఈ మూడును కలిసిన ఒక జీవితమును ఈ పాఠమునకు తీసికొంటిమి. ఇతడు కంసాలి కాడు, గడియారములు చేసినవాడును కాడు. అయినను ఇతని కథ మన పాత జిల్లాలోనే జరిగెను. 2007 వరకు ఈ మూడు ఊళ్లును కోలారు జిల్లాలోనివే గదా.

జాన్ వారెన్ 1769లో ఇటలీలోని లివోర్నో పట్టణమున పుట్టెను. ఫ్రాన్సు విప్లవము వలన స్వస్థలము విడిచి మన దేశము చేరి, ఆంగ్లేయుల 33వ పటాలములో పనిచేసెను. పొట్టకూటికి ఊరు విడిచిన మనవంటివారికి ఈ సంగతి క్రొత్త కాదు. 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున ఉండెను. తరువాత మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దు కొలుచు పని అతనికి అప్పగింపబడెను.

1802లో అచ్చట బంగారము దొరకునను మాట విని, చూపినవారికి బహుమానము ఇచ్చెదనని చాటించెను. గ్రామస్థులు బండ్లలో మట్టి తోలుకొని వచ్చి అతని యెదుటనే కడిగి, బంగారపు రవ్వలు చూపిరి. మారికుప్పము దగ్గర గోతులలో దిగినవారు రాళ్లను బుట్టలలో చేతులు మార్చి పైకి అందించుచుండిరి. స్త్రీలు వాటిని దంచి పొడిచేసి కడుగుచుండిరి. ఇదంతయు అతడే వ్రాసిపెట్టెను. కొన్ని పుస్తకములలో “వారెన్ బంగారము కనుగొనెను” అని యున్నది. ఈ మాటకు మేము ఒప్పుకొనము. పిల్లలకు చెప్పునప్పుడు “గ్రామస్థులు చూపిరి, వారెన్ వ్రాసెను” అని చెప్పుట న్యాయము. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన తరువాత ఆ గనులలో తెలుగువారు, తమిళులు తరతరములు చెమటోడ్చిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను.

ఇక కాలము సంగతి. 1805 నుండి 1811 వరకు వారెన్ మద్రాసు నక్షత్రశాలను చూచుకొనెను. 1807లో మద్రాసు రేఖాంశము 80 డిగ్రీల 17 నిమిషముల 21 సెకండ్లని లెక్కకట్టెను. దీనిని పిల్లలకు నిమ్మపండుతో చూపవచ్చును. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా డిగ్రీకి 4 నిమిషములు. ఆ లెక్కన మద్రాసు గడియారము గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషములు ముందుండవలెను. చాలకాలము రైళ్లు ఈ మద్రాసు సమయము ప్రకారమే నడిచెను. 1906లో 5 గంటల 30 నిమిషముల భారత ప్రామాణిక సమయము వచ్చెను.

1825లో అతని “కాలసంకలిత” అను గ్రంథము మద్రాసులో అచ్చయ్యెను. మన పంచాంగముల లెక్కలను పాశ్చాత్యులకు వివరించిన పుస్తకమది. అందులో మాకు మిక్కిలి ఇష్టమైన సంగతి ఒకటి కలదు. పుదుచ్చేరిలో తమిళుడైన ఒక పంచాంగకర్త నేలమీద గవ్వలు పరచి, కంఠస్థముగా నున్న పట్టికలతో ఆ సంవత్సరము మే 31, జూన్ 1 నడుమ రాత్రి రాబోవు చంద్రగ్రహణమును గుణించి చూపెను. సిద్ధాంతము అతనికి తెలియదట. అయినను గ్రహణారంభము 4 నిమిషములు మాత్రమే తప్పెను. మధ్యకాలము 23 నిమిషములు, విడుపు 52 నిమిషములు తేడా వచ్చెను. 1830లో వారెన్ ఆ పుదుచ్చేరిలోనే కన్నుమూసెను.